పాఠశాల నాటకాలలో ఆడవేషం

పాఠశాల నాటకాలలో ఆడవేషం అనగా ఉన్నత పాఠశాలల వార్షికోత్సవాలలోను, తదితర వేడుకలలోను ప్రదర్శించే నాటకాలలో స్త్రీ పాత్రలను మగపిల్లలే ధరించే ఆచారం. తెలుగునాట ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాటు ఈ ఆచారం కొనసాగింది. ఆడ, మగ అనే హద్దుల గురించి, స్వలింగాకర్షణ కలవారి పట్ల సమాజ వైఖరి గురించి ఇటీవల జరుగుతున్న చర్చలలో ఈ ఆచారం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. "మగవాడు చీర కడితే మెచ్చుకున్న సంస్కృతి మనది, కనుక మనకు ఈ విషయంలో కొత్తగా నేర్చుకోవలసినది లేదు" అనేది ఒక వాదం. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి రాయలసీమ పాఠశాలల అనుభవం ఉపకరిస్తుంది.

గోరంట్ల ప్రాంతం

గోరంట్ల చిత్రావతి నది ఒడ్డున ఉన్న మండల కేంద్రం. విజయనగర కాలపు మాధవరాయస్వామి ఆలయం ఇక్కడ కలదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. అప్పటి నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అనంతపురం పీఠభూమిలో సాలీనా వర్షపాతం సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. వరుసగా రెండేళ్ళు వానలు తప్పితే వేరుశనగ పోయి, కుటుంబాలు బెంగుళూరు దారి పట్టడం ఇక్కడ మామూలే. అటువంటి సమయాలలో బడి మానేవారిలో ఆడపిల్లలే ముందుండేవారు. పాఠశాల నాటకాలలో మగపిల్లలు ఆడవేషం కట్టడానికి గల కారణాలలో ఇది ఒకటి కనుక ఇక్కడ ప్రస్తావించవలసి వచ్చింది.

వేషం వెనుక కారణాలు

1951 జనగణన నాటికి దేశంలో స్త్రీల అక్షరాస్యత సుమారు 9 శాతం మాత్రమే. ఉన్నత పాఠశాల తరగతులలో ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కించదగినంత మంది ఉండేవారు. ఉన్నవారిని కూడా రాత్రిపూట జరిగే నాటకానికి, నెల రోజుల రిహార్సళ్ళకు పంపడానికి తల్లిదండ్రులు సమ్మతించేవారు కారు. ఊరందరి ముందు ముఖానికి రంగు పూసుకొని నిలబడిన పిల్లకు పెళ్ళి కాదనే భయం బలంగా ఉండేది.

కనుక సత్య హరిశ్చంద్రలో చంద్రమతికి, పాండవోద్యోగ విజయాలలో ద్రౌపదికి మగపిల్లలనే వెదకవలసి వచ్చేది. ఎంపిక సాధారణంగా తెలుగు మాస్టారు చేసేవారు. ఇంకా గొంతు మారని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు, పద్యం రాగయుక్తంగా పాడగలవారు, కాస్త సన్నగా పొడుగ్గా ఉన్నవారు ఇందుకు పనికివచ్చేవారు. చీర ఏ ఉపాధ్యాయుని ఇంటినుండో వచ్చేది. సవరం, గాజులు, వడ్డాణం పట్నం నుండి అద్దెకు తెచ్చేవారు. కుచ్చెళ్ళు పోయడం, జడ నిలపడం పిల్లవాడి తల్లే నేర్పేది. ఈ చివరి సంగతి గమనించదగినది. వంటింట్లోకి కొడుకును రానివ్వని తల్లులు కూడా నాటకం పేరుతో కొడుక్కి కొప్పు ముడవడానికి సంకోచించేవారు కారు.

రంగస్థల వారసత్వం

పాఠశాలలు ఈ ఆచారాన్ని తామై కల్పించలేదు. కూచిపూడి సంప్రదాయంలో స్త్రీ పాత్రలన్నీ పురుషులే ధరించేవారు. సిద్ధేంద్ర యోగి పేరుతో ముడిపడిన భామాకలాపంలో సత్యభామ పాత్రను కూచిపూడి కుటుంబాలలో పుట్టిన ప్రతి మగబిడ్డ జీవితంలో ఒక్కసారైనా ధరించాలనే నియమం ఉన్నట్లు చెబుతారు. ఈ పాత్రతో ప్రసిద్ధి చెందిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ లభించింది. ఆధునిక నాటకరంగంలో స్థానం నరసింహారావు (1902-1971) శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా, రోషనారాగా తెలుగు ప్రేక్షకులను మెప్పించి 1956లో పద్మశ్రీ పొందాడు. మరాఠీ రంగస్థలంపై బాలగంధర్వకు ఇంతటి పేరు ఉండేది. చీర కట్టిన పురుషుని ప్రభుత్వమే సత్కరించిందన్నది నిజమే.

దీనికి మారుదారి చూపినవారు కూడా రాయలసీమలోనే ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజంలో ఆ కుటుంబాల స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించారు. పురుష పాత్రలు ధరించిన సురభి నటీమణులు కూడా ఉన్నారు. అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1880లో జన్మించిన బళ్ళారి రాఘవ స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టాడు. బళ్ళారిలో న్యాయవాదిగా పనిచేస్తూ నాటకాలాడిన రాఘవకు, ఆంధ్ర నాటక పితామహుడుగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు మేనమామ. కులీన కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కడమంటే తలవంపులుగా భావించే రోజులలో కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావంతులైన స్త్రీలు రాఘవ సరసన నటించారు. (అనంతపురం 1882 వరకు బళ్ళారి జిల్లాలో భాగమే. ఈ ప్రాంతపు నాటకాభిమానులకు బళ్ళారి పరాయి ఊరు కాదు.)

రాఘవ వాదనను ఆడవేషానికి వ్యతిరేకమైన సంకుచిత దృష్టిగా కొందరు ఈనాడు పొరబడుతున్నారు. మగవాడు చీర కట్టడం తప్పని ఆయన వాదం కాదు. మగవాడు కడుతున్నంత కాలం స్త్రీకి ఆ వేదికపై చోటు దొరకదన్నది అసలు విషయం. అంటే ఆడవేషం ఒకవైపు మగవానికి కొంత స్వేచ్ఛనిస్తూనే, మరొకవైపు స్త్రీని ఇంటికి పరిమితం చేసే ఏర్పాటులో భాగంగా కూడా ఉండేది. పాఠశాల నాటకాలకు కూడా ఈ మాట పూర్తిగా వర్తిస్తుంది.

వేదిక దిగిన తరువాత

వార్షికోత్సవం నాటి రాత్రి చంద్రమతి వేషధారి కాటిసీనులో పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్లు పడేవి. ఊరి పెద్దలు ఐదు, పది రూపాయలు చదివించేవారు. ఆ ఆదరణలో కపటం లేదు. అయితే మర్నాడు ఉదయం అదే పిల్లవాడు బడికి వచ్చేసరికి పరిస్థితి మారిపోయేది. నటించిన పాత్ర పేరే మారుపేరు అయ్యేది. నడక మీద, మాట మీద వ్యాఖ్యలు మొదలయ్యేవి. ఆడంగి అనే మాట అప్పటినుండి ఆ పిల్లవాడిని వెంటాడేది.

1980లలో ఒక ఉన్నత పాఠశాలలో ఈ వ్యాసకర్త స్వయంగా చూసిన సంగతి ఇది. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఆడవేషంలో ప్రథమ బహుమతిగా స్టీలు పళ్ళెం గెలుచుకున్నాడు. మరుసటి సోమవారం నల్లబల్ల మీద అతని పేరుకు బదులు పాత్ర పేరు రాసి ఉంది. తరగతి అంతా నవ్వింది. ఉపాధ్యాయుడైన ఈ వ్యాసకర్త ఆ పేరుతోనే హాజరు పిలవడం జరిగింది. అప్పుడు అది సరదా అనిపించింది. ఆ పిల్లవాడు ఆటల పీరియడుకు రావడం మానేశాడు, మరుసటి సంవత్సరం నాటకానికి పిలిస్తే రానన్నాడు. ఆ పిల్లవాడు ఎటువంటి స్వభావం కలవాడో ఈ వ్యాసకర్తకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఇక్కడ కనిపించే వైరుధ్యానికి కారణం విరాటపర్వ కథలో దొరుకుతుంది. ఊర్వశి శాపం వలన పేడి రూపం పొందిన అర్జునుడు బృహన్నల పేరుతో విరాటుని కొలువులో ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఉత్తర గోగ్రహణ ఘట్టంలో ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు సేనను చూసి పారిపోగా, జడ వేసుకున్న బృహన్నల రథం మీద నిలిచి పోరాడుతుంది. తిక్కన తెలుగు చేసిన ఈ కథ తెలుగువారందరికీ తెలిసినదే. వీథినాటకాలలో ఈ ఘట్టానికి చప్పట్లు మోగుతాయి. కాని ఆ చప్పట్లు బృహన్నలకు కాదు, బృహన్నల లోపల ఉన్న అర్జునునికి. శాపం తీరుతుందని, వేషం తొలగుతుందని ప్రేక్షకునికి ముందే తెలుసు. పాఠశాల వేదికపై చీర కట్టిన పిల్లవానికి దక్కిన మెప్పు కూడా ఇటువంటిదే. తెల్లవారితే నిక్కరు వేసుకొని వస్తాడనే నమ్మకం మీద ఇచ్చిన మెప్పు అది. ఎవరి నడకలోనైనా, మాటలోనైనా ఆ వేషం తొలగకుండా మిగిలిందనే అనుమానం వస్తే మెప్పు అక్కడితో ఆగిపోతుంది. కనుక ఆడవేషాన్ని ఆదరించిన సంస్కృతి భిన్నమైన మనుషులను కూడా ఆదరించిందని చెప్పడం తొందరపాటు అవుతుంది.

వేషధారణకు గల ఆదరణ, మనుషులకు గల అనాదరణ ఒకే కాలంలో పక్కపక్కనే ఉండేవనడానికి నైజాము రాష్ట్రం నాటి ఒక చట్టం నిదర్శనం. ఫసలీ 1329 (క్రీ.శ. 1919) నాటి ఆ చట్టం ప్రకారం, నపుంసకులుగా పరిగణింపబడినవారు స్త్రీల దుస్తులు ధరించి వీథిలో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. తెలుగు నాటకరంగంలో ఆడవేషానికి స్వర్ణయుగం అనదగిన కాలం కూడా దాదాపు అదే. ఈ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసింది.

మాటలలో తేడా

ఈ విషయంలో తెలుగు పలుకుబడి కూడా పరిశీలించదగినది. చెట్లెక్కే, గట్టిగా మాట్లాడే ఆడపిల్లను మగరాయుడు అంటారు. అందులో మందలింపు ఎంత ఉందో మురిపెం కూడా అంత ఉంది. దానికి సరిజోడైన ఆడంగి అనే మాటలో మురిపెం మచ్చుకైనా లేదు. మగవాని లక్షణం ఆడపిల్లకు అబ్బితే ఎదుగుదలగా, ఆడవారి లక్షణం మగవానికి అబ్బితే దిగజారుడుగా లెక్కించడమే దీనికి మూలం. మగపిల్లవాణ్ణి వెక్కిరించడానికి వాడే మాట నిజానికి ఆడవారినందరినీ చిన్నబుచ్చే మాట. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు మొదట అర్థం చేసుకునేది ఆడపిల్లలే.

తెలుగు సినిమా ఈ ధోరణిని మరింత పెంచింది. చిత్రం భళారే విచిత్రం (1991), మేడమ్ (1994) వంటి చిత్రాలలో ఆడవేషం హాస్యానికి ఆధారమైంది. ఆ చిత్రాలలో స్త్రీ పాత్రపై కొంత గౌరవం కూడా ఉందని ఒప్పుకోవాలి. తరువాతి కాలపు హాస్య సన్నివేశాలలో ఆ గౌరవం లేదు. తేడా అనే సాధారణమైన మాటకు కొత్త అర్థం వచ్చి, పాఠశాల ఆవరణలలో తిట్టుగా స్థిరపడింది.

మూడు వేరువేరు విషయాలు

విద్యార్థులు, చాలామంది ఉపాధ్యాయులు కూడా మూడు విషయాలను కలగలిపి అర్థం చేసుకుంటున్నారు. ఆడవేషం అనేది నటన. దానికీ నటుని వ్యక్తిగత జీవితానికీ సంబంధం ఉండనక్కరలేదు. స్త్రీ పాత్రలలో పేరు పొందిన నటులలో అనేకులు భార్యాబిడ్డలు గల గృహస్థులు. తాను స్త్రీనా, పురుషుడా, ఆ రెండూ కాదా అని వ్యక్తికి తన గురించి ఉండే ఎరుక రెండవ విషయం. పుట్టుకలో నమోదైన లింగానికి ఈ ఎరుక భిన్నంగా ఉన్నవారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటారు. కామసూత్ర గ్రంథంలో తృతీయా ప్రకృతి అనే పదం కనిపిస్తుంది. ఎవరిపట్ల ఆకర్షణ కలుగుతుందన్నది మూడవ విషయం. తనవంటి లింగం కలవారి పట్ల కలిగే ఆకర్షణను స్వలింగాకర్షణ అంటారు. స్వలింగాకర్షణ గల యువకుడు కబడ్డీ జట్టు నాయకుడు కావచ్చు, మీసం మెలివేయవచ్చు, జీవితంలో చీర ముట్టి ఉండకపోవచ్చు. అటువంటి విద్యార్థి తరగతిలో తోటివానిపై పడుతున్న ఎగతాళిని చూస్తూ, తానూ నవ్వుతూ, తన సంగతి ఎవరికీ తెలియకుండా దాచుకుంటాడు. ఎగతాళి వలన ఎక్కువగా నష్టపోయేది కొన్నిసార్లు ఇటువంటి వాడే.

స్వలింగాకర్షణ రోగం కాదని వైద్యశాస్త్రం చాలాకాలం క్రితమే తేల్చింది. అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో దీనిని మానసిక రుగ్మతల జాబితా నుండి తొలగించగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో అదే పని చేసింది. దీనిని "నయం చేస్తామని" చికిత్సలు చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని భారతదేశపు జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది.

పాఠశాలలోని ఇతర ఆచారాలు

నాటకం ఏడాదికి ఒక్క రాత్రి. ఆడ, మగ తేడాలను పిల్లలకు నేర్పేవి రోజువారీ అలవాట్లు. ప్రార్థనలో వేరు వరుసలు, ముగ్గుల పోటీ ఆడపిల్లలకే, బెంచీలు మోయడం మగపిల్లలకే, అతిథులకు బొట్టు పెట్టి పూలు అందించడం ఆడపిల్లలకే. ఉపాధ్యాయ దినోత్సవం సందర్భంగా జరిగే స్వపరిపాలన దినోత్సవంలో ఆడపిల్లలు చీరలు, మగపిల్లలు పంచెలు కట్టి పాఠాలు చెబుతారు. చిన్న పిల్లలు పెద్దలుగా మారిపోయే ఈ వేడుకలో కూడా ప్రధానోపాధ్యాయుని కుర్చీ మగపిల్లవానికే వెళ్ళడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది; ఇటీవల ఇది మారింది.

వక్తృత్వ పోటీలలో "స్త్రీ ఇంటికే పరిమితం కావాలా, ఉద్యోగం చేయాలా" అనే అంశం దశాబ్దాలపాటు ఇచ్చేవారు. రెండు పక్షాలవారూ ఇంటి పని స్త్రీదే అని ముందుగా ఒప్పుకొని, ఆ తరువాత వాదించుకునేవారు. అంశాన్ని "ఇంటిపని ఎవరిది" అని మార్చి ఇచ్చి చూస్తే వాదన పూర్తిగా మారిపోతుంది. కరవు ప్రాంతంలో తండ్రి వలస వెళ్ళగా తల్లి సేద్యం చేసే ఇళ్ళనుండి వచ్చిన పిల్లలు, ఇల్లు కనిపెట్టుకొని ఉండి బువ్వ వండే మగపిల్లలు ఈ అంశంపై చెప్పగలిగినది ఏ పుస్తకంలోను ఉండదు. తామెరిగిన సంగతే అయినందున వీరు తడుముకోకుండా మాట్లాడతారు.

ఇతర దేశాలలో

షేక్స్పియర్ నాటకాలలో స్త్రీ పాత్రలను బాలురే ధరించేవారు. జపానులో 1914లో ప్రదర్శనలు ప్రారంభించిన తకరాజుకా సమాజంలో ఇందుకు విరుద్ధంగా పురుష పాత్రలను కూడా యువతులే ధరిస్తారు. అమెరికా ఉన్నత పాఠశాలలలో వివాదం నాటకం గురించి కాక, చదువు ముగిసేటప్పుడు జరిపే ప్రాం అనే నృత్యవేడుక గురించి వచ్చింది. ఈ వేడుకకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి జంటగా రావడం ఆచారం. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఆరన్ ఫ్రిక్ అనే విద్యార్థి మరొక యువకునితో కలిసి రావడానికి అనుమతి నిరాకరించగా, 1980లో ఫెడరల్ న్యాయస్థానం విద్యార్థి పక్షాన తీర్పు చెప్పింది. 2010లో మిసిసిపీ రాష్ట్రంలో కాన్‌స్టన్స్ మెక్‌మిలెన్ అనే విద్యార్థిని తన స్నేహితురాలితో రావాలని, పురుషుల దుస్తులు ధరించాలని కోరగా పాఠశాలవారు వేడుకనే రద్దు చేశారు. విద్యార్థిని హక్కులకు భంగం కలిగిందని న్యాయస్థానం పేర్కొన్నది.

మన పాఠశాలలలో జంటల వేడుకలు లేవు కనుక ఈ సమస్య మనకు లేదనడం సరికాదు. మన దగ్గర అది వేడుకలో కాక, మారుపేరు రూపంలో ఉంది.

చట్టం, పాఠశాల

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ స్వలింగ సంపర్కాన్ని నేరంగా పరిగణించేది. ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న దీనిని పరిమితం చేయగా, సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న ఆ తీర్పును తోసిపుచ్చింది. తిరిగి 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో జరిగేది నేరం కాదని తీర్పు ఇచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనుకు సమానమైనది లేదు. స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి మాత్రం సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించింది.

ఈ తీర్పులు వయోజనులకు సంబంధించినవి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు, ఆడ మగ భేదం లేకుండా, 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. కనుక ఉన్నత పాఠశాలలో అంగీకారం అనే మాటను సంబంధాలకు అనుమతి అని అర్థం చేసుకొని భయపడవలసిన పనిలేదు. ఇక్కడ ప్రశ్న పిల్లల గౌరవానికి సంబంధించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి ఆడంగి అని పిలవడం దీని కిందికి రాదనడం కష్టం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ లింగాన్ని తామే నిర్ణయించుకునే హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. విద్యాసంస్థలలో వారిపట్ల వివక్షను 2019లో చేసిన చట్టం నిషేధించింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2016లో ర్యాగింగ్ నిర్వచనాన్ని సవరించి, లింగం, లైంగిక ఆకర్షణ కారణంగా చేసే వేధింపును కూడా అందులో చేర్చింది. ఇది కళాశాలలకే వర్తిస్తుంది.

పాఠశాలల విషయంలో అడుగు ముందుకు పడి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో పాఠశాలలలో విద్యార్థులకు, తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలని సూచించింది. అదే సంవత్సరం నవంబరులో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ట్రాన్స్‌జెండర్ పిల్లలను పాఠశాలలలో కలుపుకొనిపోవడం గురించి ఉపాధ్యాయులకు ఒక శిక్షణ పత్రాన్ని విడుదల చేసింది. పిల్లలను వరుసలుగా, జట్లుగా విడదీసే అలవాట్లు, దుస్తుల నియమాలు, మరుగుదొడ్ల ఏర్పాటు వంటివి అందులో చర్చకు వచ్చాయి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అభ్యంతరం తెలపడంతో కొద్ది రోజులలోనే ఆ పత్రాన్ని ఉపసంహరించారు. తెలంగాణలో 2015లో ఇంజనీరింగు విద్యార్థుల కోసం తెలుగు అకాడమీ జెండర్ విషయంపై ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని ప్రచురించింది. దాని తెలుగు భాగాన్ని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు చదివితే ఉపయోగం ఉంటుంది.

ఇటీవలి స్థితి

ఆడపిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నత పాఠశాలలకు వస్తున్నందున నాటకాలలో స్త్రీ పాత్రలు వారే ధరిస్తున్నారు. పద్యనాటకం స్థానంలో సినిమా పాటలకు నృత్యాలు వచ్చాయి. కూచిపూడి నృత్యంలో సైతం నేర్చుకునేవారిలో అధికులు ఆడపిల్లలే. ఇప్పుడు ఇంటివారిని ఒప్పించవలసి వస్తున్నది నాట్యం నేర్వదలచిన మగపిల్లవాడు. విచిత్ర వేషధారణ పోటీలలో మాత్రం చీర కట్టిన మగపిల్లవాడు ఇంకా కనిపిస్తాడు. అతడు రాగానే నవ్వు మొదలవుతుంది, ఏ పద్యమూ పాడనక్కరలేదు.